రెండు బ్యాటరీల నడుమ వేసిన ఆ వైరు

ప్రశ్న: నేను కొన్న పాత పడవలో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని సిరీస్‌లో కలిపి 24 వోల్టుల బ్యాంకు చేశారు. ఒక్కొక్కటి 150 ఆంపియర్-అవర్లు, నీళ్లు పోసే ఆసిడ్ బ్యాటరీలు. ఇంజిను స్టార్టరు, లంగరు ఎత్తే మోటారు, పడవ అడుగున చేరే నీటిని తోడే పంపు 24 వోల్టులవే. కానీ ఇతర పడవలతో, తీరంతో మాట్లాడే నా వీహెచ్‌ఎఫ్ రేడియో, దారి చూపే జీపీఎస్ ప్లాటర్, లోతు చూపే యంత్రం, కేబిన్ దీపాలు, మంచినీటి పంపు 12 వోల్టులవి. రెండు బ్యాటరీలు కలిసే చోటి నుంచి ఒక వైరు తీసి వాటన్నిటికీ ఇచ్చాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఇప్పుడు పాజిటివ్ వైపున్న పై బ్యాటరీ వేడెక్కుతోంది, వారం తిరగకుండానే నీళ్లు పోయాల్సి వస్తోంది. నెగటివ్ వైపున్న బ్యాటరీ తెల్లవారేసరికి నీరసిస్తోంది. ప్యానెల్ మీటరు మాత్రం 24.9 చూపిస్తోంది. విడివిడిగా కొలిస్తే ఒకటి 12.8, మరొకటి 12.1. నెలకోసారి బ్యాటరీల స్థానాలు మారిస్తే చాలని ఒక మిత్రుడు, వైరులో రెసిస్టర్ పెట్టమని మరో మిత్రుడు చెబుతున్నారు. చిన్న ఫ్రిజ్ కూడా పెట్టుకోవాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా బ్యాటరీ అర మూత తెరిచి, కాసేపు గాలి ఆడనిచ్చి, ఆ మధ్య వైరు విప్పేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఎనిమిది నెలలు బాగానే నడిచిందని రాశారు. నడిచినవి దీపాలు, రేడియో. బ్యాటరీలు మొదటి రోజు నుంచే పాడవుతూ వచ్చాయి. ఆ సంగతి పైకి తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది, అంతే.

మీ 24.9 సంగతే చూడండి. కదలకుండా ఉన్న 24 వోల్టుల ఆసిడ్ బ్యాంకు 24.9 చూపిస్తే ముప్పాతిక వంతు ఛార్జి ఉన్నట్టు లెక్క. ఆ అంకె చూసి ఎవరైనా నిశ్చింతగా నిద్రపోతారు. కానీ విడిగా కొలిస్తే 12.8 నిండుకుండ, 12.1 సగం కూడా లేని కుండ. రెండింటినీ కలిపి కొలిచే మీటరుకు ఈ తేడా కనబడదు. సిరీస్ బ్యాంకు ఉన్న పడవలో నెలకోసారైనా ఒక్కో బ్యాటరీని మల్టీమీటరుతో విడిగా కొలవాలని నేను పోరు పెట్టేది ఇందుకే. మీరు కొలిచారు. చాలామంది అదీ చేయరు.

ఇక రోగం ఎక్కడ మొదలైందో చూద్దాం. సిరీస్‌లో ఉన్న బ్యాటరీలకు ఒక కట్టుబాటు ఉంది. ఒకదాని గుండా ఎంత కరెంటు పారితే రెండోదాని గుండా కూడా అంతే పారాలి. వాడుకునేటప్పుడు మీరు మధ్య వైరుతో ఈ కట్టుబాటును తప్పించుకున్నారు. దీపాలకు, రేడియోకు కావలసిందంతా కింది బ్యాటరీ, అంటే నెగటివ్ వైపున్నది, ఒక్కటే ఇచ్చింది. ఛార్జి చేసేటప్పుడు మాత్రం ఇంజిను ఆల్టర్నేటర్ దాన్ని తప్పించుకోలేదు. అది రెండింటి గుండా సమానంగానే పంపుతుంది. ఒకే కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకదాని చేతే పగలంతా దున్నించి, రాత్రి రెండింటికీ సమానంగా మేత వేస్తే ఏమవుతుంది? దున్నిన ఎద్దు అర్ధాకలితో పడుకుంటుంది. దున్నని ఎద్దుకు అజీర్తి చేస్తుంది.

అజీర్తి ఎంతో కూడా లెక్క కట్టవచ్చు. మీ 12 వోల్టుల సామాను రోజు మొత్తానికి సగటున 1.5 ఆంపియర్లు తీసుకుంటోందని అనుకుందాం. అంటే రోజుకు 36 ఆంపియర్-అవర్లు. కింది బ్యాటరీలో ఆ లోటు పూడాలంటే అంతే ఛార్జి పై బ్యాటరీ గుండా కూడా పోవాలి. దానిలో చోటు లేదు. నిండిన ఆసిడ్ బ్యాటరీలోకి ఇంకా కరెంటు తోస్తే అది నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. ఒక్కో సెల్లులో ఒక్కో ఆంపియర్-అవరుకు సుమారు మూడో వంతు గ్రాము నీరు పోతుంది. ఆరు సెల్లులు, 36 ఆంపియర్-అవర్లు కలిపితే రోజుకు 72 గ్రాములు, నెలకు రెండు లీటర్ల పైమాట. మీరు వారం వారం పోస్తున్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయో ఇప్పుడు తెలిసిందా? ఆ హైడ్రోజన్ బ్యాటరీ అరలోనే తిరుగుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వకు అంటుకుంటుంది. అర మూత తెరిచి గాలి ఆడనివ్వకుండా అక్కడ స్పానరు పట్టుకోకండి.

ఇంత చేసినా కింది బ్యాటరీ కడుపు నిండుతుందా అంటే, అదీ లేదు. ఛార్జింగు రెగ్యులేటరు చూసేది మొత్తం వోల్టేజీని. 28.8 చేరగానే ఇద్దరికీ చెరి 14.4 అందిందని అనుకుంటుంది. మీ పడవలో ఆ 28.8లో పై బ్యాటరీ వాటా 15.6, కింది దాని వాటా 13.2 అయి ఉండవచ్చు. 13.2 దగ్గర ఆసిడ్ బ్యాటరీ పూర్తిగా ఎప్పటికీ నిండదు. రోజుల తరబడి సగం ఛార్జితో ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేటు గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జి చేసినా అది పూర్తిగా కరగదు. ఒకే తప్పుకు రెండు బ్యాటరీలు రెండు రకాలుగా పోతాయి, ఒకటి కాగి, ఇంకొకటి గడ్డకట్టి. నీళ్లు పోయనవసరం లేని సీల్డు రకమైతే పోయిన నీటిని తిరిగి పోసే దారి కూడా లేదు.

మీ మొదటి మిత్రుడి సలహా, అంటే స్థానాలు మార్చడం, చెడును ఇద్దరికీ సమానంగా పంచడమే. పైగా నెలకోసారి అన్నారు. రోజుకు 36 చొప్పున, ఇంజిను వేయకపోతే రెండే రోజుల్లో మీ రెండు బ్యాటరీల మధ్య సగం బ్యాటరీ అంత తేడా వస్తుంది. నెల దాకా ఆగడంలో అర్థం లేదు. రోజూ మార్చే ఓపిక ఉంటే ఆ ఓపికతో 24ను 12కు దించే ఒక కన్వర్టర్ బిగించుకోవచ్చు.

మీరు అడగకపోయినా ఇక్కడే ఇంకొక మాట చెప్పాలి. ఇలాంటి పరిస్థితిలో కొందరికి వచ్చే తర్వాతి ఆలోచన సగం సామానును కింది బ్యాటరీకి, సగాన్ని పై బ్యాటరీకి వేద్దామని. వినడానికి న్యాయంగా ఉంటుంది. ఇది మధ్య వైరు కంటే ప్రమాదం. పై బ్యాటరీ నెగటివ్ పడవ నెగటివ్‌తో పోలిస్తే 12 వోల్టులు పైన ఉంటుంది. రేడియో పెట్టె, యాంటెన్నా కేబులు పైపొర చాలా రేడియోల్లో లోపల నెగటివ్‌కే కలిసి ఉంటాయి. ఆ కేబులు పైపొర ఎక్కడో ఒక చోట పడవ లోహానికో, ఇంజినుకో తగులుతుంది. తగిలిన క్షణంలో కింది బ్యాటరీ మొత్తం ఆ సన్నని అల్లిక గుండా షార్టు అవుతుంది. ఆ దారిలో చాలాసార్లు ఫ్యూజు కూడా ఉండదు, ఎందుకంటే నెగటివ్ వైపు ఫ్యూజు పెట్టాలని చాలామందికి తోచదు.

రెండో మిత్రుడి రెసిస్టర్ విషయం పాత రోజుల అలవాటు. ఎప్పుడూ ఒకే కరెంటు తీసుకునే బల్బుకైతే అది ఏదో విధంగా చెల్లుతుంది. మీ రేడియోకు చెల్లదు. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ రేడియో మీరు మాట్లాడేటప్పుడు 5 నుంచి 6 ఆంపియర్లు తీసుకుంటుంది, వినేటప్పుడు అర ఆంపియరు చాలు. 6 ఆంపియర్ల దగ్గర 12 వోల్టులు మింగాలంటే 2 ఓముల రెసిస్టర్ పెట్టాలి. అది మాట్లాడినంతసేపూ 72 వాట్ల వేడి కక్కుతుంది. సరే, భరించామే అనుకోండి. మాట్లాడటం ఆపి మీట వదలగానే కరెంటు అర ఆంపియరుకు పడిపోతుంది, అదే రెసిస్టర్ అప్పుడు ఒక్క వోల్టే మింగుతుంది. రేడియో మీదికి 23 వోల్టులు దూకుతాయి. అవతలివాడి జవాబు మీరు వినలేరు. రెండు దీపాలను సిరీస్‌లో కలపడం, 24 నుంచి ఇన్వర్టరుతో ఇంటి కరెంటు చేసి మళ్లీ అడాప్టరుతో 12కు దించడం వంటివి కూడా వింటుంటాను. మొదటి దానిలో ఒక దీపం పోతే రెండోదీ ఆరిపోతుంది. రెండోది కరెంటును రెండు సార్లు తగలేస్తుంది. ఇంకేమీ లేనప్పుడు ఒక రాత్రి గడవడానికి తప్ప వీటి జోలికి పోవద్దు.

కొనడానికి పరుగెత్తే ముందు ఒక సాయంత్రం టార్చిలైటు పట్టుకుని మీ పరికరాల వెనుక అంటించిన చీటీలు చదవండి. ఈ పని చెబితే చాలామంది నవ్వుతారు, చదివాక నవ్వు ఆపుతారు. పడవల కోసం చేసిన ప్లాటర్లలో, లోతు చూపే యంత్రాల్లో చాలావాటి మీద 10 నుంచి 32 వోల్టులనో, దాదాపు అంతేననో రాసి ఉంటుంది. అలా ఉంటే వాటిని నేరుగా 24కు కలపవచ్చు. ఎల్‌ఈడీ దీపాల్లో కూడా 10 నుంచి 30 వోల్టుల రకాలు మామూలే. అయితే చీటీ మీద ఒక్క 12 మాత్రమే ఉంటే నమ్మకండి. కారు కోసం చేసిన చవక ఎల్‌ఈడీ పట్టీలు 24 తగిలితే క్షణంలో పోతాయి. చీటీలో రాసిన పై హద్దును 24తో పోల్చకూడదు. ఛార్జి అవుతున్నప్పుడు మీ బ్యాంకు 28.8 దాకా, ఈక్వలైజ్ చేస్తే, అంటే సెల్లులను సమం చేయడానికి కావాలనే ఎక్కువ ఛార్జి ఇస్తే, 30 దాటి కూడా పోతుంది. పోల్చాల్సింది దానితో.

మీ ఫ్రిజ్ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పడవల్లో వాడే చిన్న ఫ్రిజ్‌లలో డీసీ కంప్రెసర్లు ఎక్కువగా 12కైనా 24కైనా తమంతట తామే సర్దుకునేవి. అలాంటిదే కొని నేరుగా 24కు కలపండి. ఫ్రిజ్‌ను కన్వర్టర్ వెనుక పెట్టడం దండగ. రోజంతా ఆగి ఆగి నడిచే దాని మీద ప్రతిసారీ పది శాతం పన్ను కట్టినట్టు అవుతుంది. మంచినీటి పంపు సంగతి వేరు. అది మోటారు. మొదలయ్యేటప్పుడు తన మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. దాన్ని తీసేసి 24 వోల్టుల పంపు పెట్టుకోవడమే నా సలహా. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

చీటీల పరీక్ష అయ్యాక మీ జాబితాలో బహుశా రేడియో, ఒకటి రెండు పాత యంత్రాలు, కొన్ని దీపాలు మాత్రమే మిగులుతాయి. వాటికి 24 నుంచి 12కు దించే డీసీ-డీసీ కన్వర్టర్ కావాలి. ఇది మొత్తం బ్యాంకు నుంచి, అంటే రెండు బ్యాటరీల నుంచి సమానంగా, కరెంటు తీసుకుంటుంది. లోపల ఒక ఎలక్ట్రానిక్ స్విచ్చి సెకనుకు వేల సార్లు తెరుచుకుని మూసుకుంటూ, ఒక తీగచుట్ట సాయంతో 24ను 12గా మారుస్తుంది. మంచివాటి సామర్థ్యం 90 శాతం చుట్టూ ఉంటుంది. పాత లీనియర్ రకం కూడా ఎక్కడో దొరుకుతుంది. ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. 10 ఆంపియర్లు ఇస్తే అది దాదాపు 120 వాట్లను వేడిగా వదులుతుంది. కేబిన్‌లో హీటరు పెట్టుకున్నట్టే.

ఎంత పెద్దది కొనాలి? మీ జాబితాలో అన్నీ ఒకేసారి నడిచే పరిస్థితి ఊహించుకోండి. రాత్రి, దీపాలు వెలుగుతున్నాయి, ప్లాటర్ నడుస్తోంది, మీరు రేడియోలో మాట్లాడుతున్నారు. రేడియో 6, ప్లాటర్ 1.5, లోతు యంత్రం అర, దీపాలు 2 కలిపితే పది ఆంపియర్లు. దీనికి 20 ఆంపియర్లది తీసుకోండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె తరచు కొద్ది నిమిషాలకు మాత్రమే ఇచ్చే పై హద్దు. ఆగకుండా ఇవ్వగలిగేది చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది ఇంకా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంజిను గదిలో 50 డిగ్రీల వేడిలో అదే పెట్టె అంత ఇవ్వలేదు.

బ్యాటరీకీ కన్వర్టర్‌కీ స్వభావంలో తేడా ఉంది. బ్యాటరీ మీద మోటారు ఒక్కసారిగా లాగితే అది కొంచెం కుంగి, అడిగినంత ఇస్తుంది. కన్వర్టర్ ఇవ్వదు. హద్దు దాటగానే తనను తాను కాపాడుకోవడానికి వోల్టేజీ దించేస్తుంది, లేదా ఆగి మళ్లీ మొదలవుతుంది. మీరు చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పితే పంపు లేవబోతుంది, కన్వర్టర్ తల వంచుతుంది, ప్లాటర్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రాళ్ల మధ్య దారి వెతుక్కుంటున్నప్పుడు ఇలా జరిగితే ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. పంపును 24కు మార్చమన్నది ఇందుకే.

ఒక పెద్ద కన్వర్టర్ కంటే రెండు చిన్నవి మేలని నా అభిప్రాయం. ఒకటి రేడియోకు, దారి చూపే పరికరాలకు. మరొకటి దీపాలకు, ఫోను ఛార్జర్లకు. ఒకటి పోయిన రాత్రి రెండోదాన్ని దాని స్థానంలోకి మార్చుకోవచ్చు. కన్వర్టర్లు పోతాయి, పడవల్లో మరీ త్వరగా పోతాయి. ఉప్పుగాలి, తేమ, కుదుపు అన్నీ కలిసి వాటి ప్రాణం తీస్తాయి. పోయే తీరు కూడా రెండు రకాలు. చాలాసార్లు ఊరికే ఆగిపోతుంది. కానీ ఐసొలేషన్ లేని రకంలో, అంటే 24 వైపు నుంచి 12 వైపుకు లోపల నేరుగా తీగ సంబంధం ఉన్నదానిలో, లోపలి స్విచ్చి షార్టయి పోతే, 24 వోల్టులూ నేరుగా అవతలికి వచ్చేస్తాయి. అప్పుడు అవతల ఉన్న ఫ్యూజు కాలేలోపే రేడియో కాలుతుంది. అందుకని ఔట్‌పుట్ వోల్టేజీ హద్దు దాటితే దారి మూసేసే రక్షణ ఉన్నదాన్నే కొనండి. ఆ మాట కాగితం మీద స్పష్టంగా లేకపోతే అది లేనట్టే లెక్క.

ఐసొలేటెడ్ రకం అవసరమా అని అడుగుతారు. మీ పడవలో 24కూ 12కూ నెగటివ్ ఒకటే అయితే, అన్ని నెగటివ్‌లూ ఒకే లోహపు పట్టీ మీదికి వస్తుంటే, మామూలు రకం సరిపోతుంది. లోహపు పడవ అయి, దాని శరీరానికి కరెంటు సోకకూడదని ప్రత్యేకంగా కట్టినదైతే, లేదా రేడియోలో రొద వదలకపోతే ఐసొలేటెడ్ తీసుకోండి. ఔట్‌పుట్ వోల్టేజీని సర్దే వీలుంటే 13.6 దగ్గర పెట్టండి. చాలా రేడియోలు ఆ చుట్టుపక్కల నడవడానికే తయారవుతాయి.

వైర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. మామూలు దీపం బ్యాటరీ వోల్టేజీ పడిపోతే తక్కువ కరెంటు తీసుకుంటుంది. కన్వర్టర్ తిరగబడిన మనిషి. అవతల ఇవ్వాల్సిన శక్తి మారదు కాబట్టి ఇవతల వోల్టేజీ తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. 20 ఆంపియర్లు 13.6 దగ్గర ఇవ్వాలంటే 272 వాట్లు, 90 శాతం సామర్థ్యానికి ఇన్‌పుట్‌లో 302 వాట్లు. బ్యాంకు 28 ఉన్నప్పుడు ఇది 11 ఆంపియర్లే, 22కు దిగినప్పుడు 14 దాకా వస్తుంది. వైరును, ఫ్యూజును ఆ 14 చూసుకుని ఎంచుకోవాలి. 20 ఆంపియర్ల ఫ్యూజు, దానికి తగిన వైరు.

ఆ ఫ్యూజు ఎక్కడ ఉండాలన్నది ఎంత ఉండాలన్న దాని కంటే ముఖ్యం. ఫ్యూజు కాపాడేది వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరు ముక్కను ఎవరూ కాపాడరు. అందుకే ఆ ముక్క వీలైనంత పొట్టిగా ఉండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణంలో మామూలు నియమం 7 అంగుళాలు, అంటే జానెడు కంటే తక్కువ. వైరుకు అదనపు తొడుగు వేస్తే ఇంకాస్త దూరం ఒప్పుకుంటారు. మీరు తొడుగు వేసినా జానెడులోపే పెట్టండి. కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే వైపు ఒక్కో పరికరానికి దాని చీటీలో రాసిన చిన్న ఫ్యూజు వేరుగా ఉండాలి.

కన్వర్టర్‌ను బ్యాటరీ దగ్గర పెట్టాలా, పరికరాల దగ్గర పెట్టాలా? పరికరాల దగ్గర. దూరం ప్రయాణించే పని 24కు వదిలేయండి. 10 మీటర్ల అవతల 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు కావాలనుకోండి. పోను రాను 20 మీటర్ల రాగి, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇందులో 12 వోల్టులే పంపితే దారిలోనే 0.9 వోల్టు, అంటే ఏడు శాతం పోతుంది. రేడియోకు, రాత్రి పడవ బయట వెలిగించే నావిగేషన్ దీపాలకు 3 శాతానికి మించి పోకూడదని అదే ప్రమాణం చెబుతుంది. అదే వైరులో 24 వోల్టులు పంపి అవతల దించితే కరెంటు ఐదున్నర చాలు, పోయేది అర వోల్టు, రెండు శాతం. వైరు మార్చకుండానే సమస్య తీరింది. పాతవాళ్లు మీ పడవకు 24 వోల్టులు పెట్టిన కారణం కూడా ఇదే, ముఖ్యంగా ముక్కు దగ్గరున్న లంగరు మోటారు కోసం.

బ్యాటరీ అరలో మాత్రం కన్వర్టర్ పెట్టకండి. హైడ్రోజన్ సంగతి పైన చెప్పాను, ఆసిడ్ ఆవిరి అదనం. దిక్సూచికి మీటరు దూరంలో ఉంచండి, వెళ్లే వైరును వచ్చే వైరును ఒకదానితో ఒకటి పెనవేయండి, లేకపోతే దీపం వేసినప్పుడల్లా ఉత్తరం కొంచెం జరుగుతుంది. బిగించాక రేడియోలో స్క్వెల్చ్, అంటే పిలుపు లేనప్పుడు గరగరను అణిచే మీట, పూర్తిగా తెరిచి ఆ గరగర వినండి. తర్వాత దీపాల కన్వర్టర్ స్విచ్చి తీసి మళ్లీ వినండి. గరగర మారితే ఆ పెట్టె రేడియోకు, యాంటెన్నా కేబులుకు మరీ దగ్గరగా ఉందన్నమాట. కొంచెం జరపండి, ఇన్‌పుట్ ఔట్‌పుట్ వైర్లకు రొదను అణిచే ఫెరైటు పూసలు తొడగండి. దూరపు బలహీనమైన పిలుపు వినబడకుండా చేసేది ఈ గరగరే.

పడవ కట్టేసి ఇంటికి వెళ్లేటప్పుడు కన్వర్టర్లను ఆపండి. ఏమీ నడవకపోయినా అవి తమ కోసం కొంత తీసుకుంటూనే ఉంటాయి. 30 మిల్లీఆంపియర్లే అయినా నెలకు 20 ఆంపియర్-అవర్లు దాటుతుంది. స్విచ్చి పాజిటివ్ వైపు ఉండాలి. నెగటివ్‌ను మాత్రమే కోస్తే కరెంటు యాంటెన్నా కేబులు వంటి దొడ్డిదారి వెతుక్కుంటుంది.

బ్యాటరీ ఈక్వలైజర్ అనే పెట్టె గురించి మీరు వినే ఉంటారు. అది నిండిన బ్యాటరీ నుంచి తీసి నిండని దానికి చేరవేస్తుంది. ఆ పెట్టె ఉంటే మధ్య వైరు కూడా తప్పు కాదు. నేను ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, ఈక్వలైజర్ పేరుతో దొరికేవాటిలో రెండు జాతులు ఉన్నాయి. పదుల ఆంపియర్లు మోయగలిగేవి మధ్య వైరు మీద లోడు పెట్టడానికే చేసినవి. ఒక ఆంపియరు లోపు మోసేవి ఛార్జింగులో వచ్చే చిన్న తేడాలు సవరించడానికి చేసినవి. రెండో జాతిని కొని మధ్య వైరును అలాగే ఉంచితే మీ కథ మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఈక్వలైజర్ పోతే దీపాలు వెలుగుతూనే ఉంటాయి కాబట్టి పోయిందని మీకు తెలియదు. కన్వర్టర్ పోతే దీపం ఆరుతుంది, వెంటనే తెలుస్తుంది. చెడిపోయినప్పుడు అరిచే యంత్రమే నాకు ఇష్టం.

ముందుముందు లిథియం బ్యాటరీలు పెట్టుకుంటే మధ్య వైరు ఇంకా చేటు. ఒక్కో బ్యాటరీలో ఉండే బీఎంఎస్, అంటే దాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ కాపలాదారు, దాని లోపలి సెల్లులనే సమం చేస్తుంది, పక్క బ్యాటరీతో దానికి సంబంధం లేదు. తేడా పెరిగి ఒకదాని బీఎంఎస్ తలుపు మూసిందంటే పడవ మొత్తానికి చీకటే, ఇంజిను స్టార్టరుతో సహా. ఇక 48 వోల్టుల బ్యాంకులున్న పడవలకూ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. కాకపోతే మామూలు కారు ఫ్యూజులు 32 వోల్టుల దాకానే పనికొస్తాయి. 48 వైపు వాటిని పెడితే కాలిపోయాక కూడా లోపల మంట ఆరకుండా కరెంటు పారవచ్చు.

అడుగు నీటి పంపును ఎట్టి పరిస్థితిలోనూ కన్వర్టర్ మీద ఆధారపడనివ్వకండి. మీది 24 వోల్టులదే కాబట్టి అదృష్టం. దాన్ని ప్రధాన స్విచ్చితో సంబంధం లేకుండా, సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాంకుకు కలపండి. రేడియో విషయంలో నాకు ఇంకొంచెం చాదస్తం ఉంది. దూర ప్రయాణాలు చేసేవారైతే రేడియో కోసం చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి వీలైనంత ఎత్తులో పెట్టి, దాన్ని 24 నుంచి 12కు దించే ఛార్జర్ రకం కన్వర్టర్‌తో నింపుతూ ఉండండి. మామూలు కన్వర్టర్ ఈ పనికి చాలదు, బ్యాటరీ నింపే దశలు తెలిసినది కావాలి. పడవ అడుగున నీళ్లు చేరి పెద్ద బ్యాంకు మునిగినా పైనున్న ఆ చిన్న బ్యాటరీతో సాయం కోసం పిలవగలుగుతారు. చాలా దూరం మాట్లాడే 100 వాట్ల ఎస్‌ఎస్‌బీ రేడియో ఉన్నా ఇదే దారి. మాట్లాడేటప్పుడు అది 20 ఆంపియర్లు దాటి ఉధృతంగా లాగుతుంది, ఆ కుదుపును బ్యాటరీ ఓర్చుకున్నంత బాగా కన్వర్టర్ ఓర్చుకోదు.

ఇంకొక చిన్న జాగ్రత్త. ఇకమీదట మీ పడవలో రెండు వోల్టేజీలు పక్కపక్కనే ఉంటాయి. 12 వోల్టుల సాకెట్లు ఒక ఆకారంలో, 24వి వేరొక ఆకారంలో ఉండేలా చూడండి. చీటీలు అంటిస్తే చాలనుకుంటాం. చీకట్లో అతిథి ఫోను ఛార్జర్ పట్టుకుని వచ్చినప్పుడు చీటీ చదవడు.

ఇక ఆ రెండు బ్యాటరీల సంగతి. వాటిని విడదీసి, ఒక్కోదాన్ని 12 వోల్టుల ఛార్జరుతో విడివిడిగా పూర్తిగా నింపండి. కింది దానికి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యపోకండి. పై దానిలో పలకలు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జి అయ్యాక పూర్తి మట్టానికి నింపండి. ఒక రోజంతా కదపకుండా ఉంచి వోల్టేజీ కొలవండి, ప్రతి సెల్లులో ఆసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచండి. అన్ని సెల్లులూ 1.260 పైన, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే, రెండింటికీ ఒకే దీపం ఒకే సమయం పెట్టి చూడండి. రెండింటి వోల్టేజీ దాదాపు సమానంగా దిగితే మళ్లీ జత కట్టవచ్చు. ఒకటి వెనకబడితే ఒకదాన్నే మార్చాలని అనిపిస్తుంది. కొత్తదాన్ని పాతదానితో జత కట్టారంటే, మధ్య వైరు లేకుండానే మళ్లీ 12.8, 12.1 చూస్తారు. మార్చాల్సి వస్తే రెండూ మార్చండి. పనికొచ్చే పాతదాన్ని పైన చెప్పిన రేడియో బ్యాటరీగా మాత్రం పెట్టకండి, ఒడ్డున దేనికైనా వాడుకోండి.